గిద్యోను తోలిన బండ్లు

గేటు మూసింది జైపాల్ మనుషులు. బండ్లను ఆ గేటు లోపలికి తోలింది మాత్రం గిద్యోను. ఈ కథలో ఏది మరిచిపోయినా ఈ రెండో మాట మరిచిపోకండి. గిద్యోను దాన్ని మరిచిపోవాలని చాలా ప్రయత్నించాడు, వల్ల కాలేదు.

గేటు ఊచలు పట్టుకొని యాదయ్య నిలబడ్డాడు. లోపల అడ్డా పాత బండ్లన్నీ వరసగా ఉన్నాయి. వెనకరేకు మీద కూతురు సమత పేరు రాయించుకున్న అతని డీజిల్ ఆటో కూడా అందులోనే ఉంది. బండి తీసుకుంటానని, మొయినాబాద్ సవారీలు ఎదురుచూస్తున్నాయని అతను మొదట మామూలుగానే అడిగాడు. కావలివాడు తల అడ్డంగా ఊపాడు.

"నీ బండెక్కడిది పెద్దాయనా? సర్కారు స్కీముల తుక్కుకిచ్చినవ్ గద. తాళంతోని సహా ఇచ్చినవ్."

యాదయ్య నవ్వాడు. యార్డు ప్రారంభం ఫంక్షన్ రోజున ఎవరో వేళాకోళం ఆడుతున్నారనుకున్నాడు. తర్వాత చుట్టూ చూశాడు. పక్కన నిలబడ్డ తోటి డ్రైవర్లను కూడా అదే మాట చెప్పి నెడుతున్నారు. అప్పుడు అతని చూపు గిద్యోనును వెతికింది. షామియానా కింద, స్టేజీ మెట్ల దగ్గర, భుజాల మీద శాలువాతో గిద్యోను ఉన్నాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. గిద్యోను తల తిప్పుకుని, ఎవరో పిలిచినట్టు స్టేజీ వెనక్కి వెళ్ళిపోయాడు. ఎవరూ పిలవలేదు.

అసలు ఇదంతా ఎలా జరిగిందో తెలియాలంటే ఆ అడ్డా సంగతి చెప్పాలి.

మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ ఊరి చౌరస్తాలో షేర్ ఆటోల అడ్డా అది. పొద్దున పూలతోటలకూ ఫాంహౌస్‌లకూ కూలికి పోయే ఆడవాళ్ళు, చేవెళ్ళ కాలేజీకి పోయే పిల్లలు, కూరగాయల మూటలతో మార్కెట్టుకు పోయే రైతులు అక్కడే ఎక్కుతారు. అడ్డాకు ఉన్న చట్టమల్లా నంబర్. ముందు వచ్చిన బండి ముందు నిండుతుంది. అది కదిలితే వెనకవన్నీ జరగాలి. తోలేవాడు ఆ సమయానికి చాయ్ దగ్గర ఉంటాడు, లేదంటే మందు తేవడానికి దవాఖానకు పోయి ఉంటాడు. అందుకని అక్కడ బండి తాళంచెవి బండిలోనే ఉంటుంది. దగ్గర ఎవరుంటే వాళ్ళు ఎక్కి ముందుకు జరుపుతారు. తాళం తీసి జేబులో వేసుకునేవాణ్ణి చూస్తే, మా మీద నమ్మకం లేదా అని నవ్వుతారు. బండికి రెండు తాళాలు వేసి గొలుసు కూడా చుట్టే పట్నంవాళ్ళకు ఇది పిచ్చిగా కనిపించవచ్చు. కానీ ఆ అడ్డా మీద ఒక్క బండి కూడా పోలేదు.

నంబర్లు చూసే పెద్దరికం గిద్యోనుకు ఇచ్చింది ఆ డ్రైవర్లే. సొంత బావను కూడా వరస తప్పనివ్వని మనిషని ఇచ్చారు. చర్చిలో పాట ఎత్తుకున్నా, అడ్డాలో నంబర్ పిలిచినా ఆ గొంతుకు ఎదురుండేది కాదు.

ఇంతలో కరెంటు బండ్లు వచ్చాయి. సర్కారు వాటికి రోడ్డు పన్ను తీసేసింది, రిజిస్ట్రేషన్ ఫీజు తీసేసింది. పొగ తగ్గించాలంటే ఇదే దారి అన్నది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. డీజిల్ పొగ ముందుగా మింగేది డ్రైవరే. యాదయ్య దగ్గు వింటే ఆ సంగతి ఎవరికైనా తెలుస్తుంది. కరెంటు బండి ఎక్కిన ఆడవాళ్ళు కూడా చప్పుడు లేదని, నడుము అదరడం లేదని మెచ్చుకున్నారు. అయితే పథకం పైనుంచి బయలుదేరి ఊరికి చేరేలోపు నడుమ ఎవడో ఒకడు నిలబడి ఉంటాడు. మన దేశంలో ఇది కొత్త కాదు. ఇక్కడ నిలబడ్డవాడు జైపాల్.

జైపాల్ మొన్నమొన్నటిదాకా చిన్న మంగళారంలో పొలాలు కోసి ఫాంహౌస్ ప్లాట్లు అమ్మినవాడు. అడ్డా వెనక సర్కారు జాగాలో చార్జింగ్ యార్డు కాంట్రాక్టు ఇప్పుడు ఆయనది. కరెంటు ఆటోలన్నీ ఆయన పేరు మీదే ఉన్నాయి, డ్రైవర్లు వాటిని కిరాయికి తోలాలి. ఏ బండి ఎటు పోతున్నదో ఆయన ఫోనులో కనబడుతుంది. గీసిన దారి దాటితే ఆ ఫోనులోనే మీట నొక్కుతాడు, బండి ఉన్నచోటే ఆగిపోతుంది. డీజిల్ బండి తుక్కుకిస్తే కొత్తదాని మీద రాయితీ ఉంది కదా, అది తిన్నగా మాకే ఇప్పించండి, మా పేరు మీదే బండి తీసుకుంటామని యాదయ్యలాంటి వాళ్ళు అడిగారు. జైపాల్ ఆ మాట వినలేదు. రాయితీ దారి తన యార్డు గుండానే పోవాలన్నాడు. వాళ్ళు బండ్లు ఇవ్వలేదు.

గిద్యోను మాత్రం తన పాత బండి ఇచ్చేసి మొదటి కరెంటు బండి తీసుకున్నాడు. అతని వెనక నర్సింహ, ఇంకొందరు తీసుకున్నారు. యార్డుకు సూపర్‌వైజర్‌గా పెడతానని జైపాల్ ఆశ పెట్టాడు. ఒక కుర్చీ, ఒక ఫ్యాను, పేరు రాసిన బిళ్ళ. ఎండలో నిలబడి నంబర్లు పిలిచే మనిషికి అది చిన్న ఆశేం కాదు.

యార్డు ప్రారంభానికి సర్కారు నుంచి పెద్ద సారు వస్తున్నాడన్న రోజు పొద్దున జైపాల్ గిద్యోనును పక్కకు పిలిచాడు. పొగబండ్లు సారు కంట పడితే బాగుండదని, జరసేపు యార్డులో పెట్టించమని అన్నాడు. ఎంతసేపని గిద్యోను అడిగాడు. జైపాల్ జవాబు చెప్పకుండా అతని భుజం తట్టాడు. ఆ తట్టడంలో ఏదో ఉందని గిద్యోనుకు అప్పుడే అనిపించింది. అనిపించినా అడగలేదు.

అతను ఒక్కొక్క బండీ ఎక్కి లోపలికి తోలాడు. డ్రైవర్లు రోడ్డుకు అటువైపు వసంతమ్మ హోటల్ దగ్గర చాయ్ తాగుతూ చూస్తూనే ఉన్నారు. నంబర్ గిద్యోను బండ్లు జరుపుతుంటే అడ్డుపడేవాడెవడు? యాదయ్య అయితే గ్లాసు ఎత్తి, తన బండి క్లచ్చు గట్టిగా ఉంటుంది, నిమ్మళంగా తియ్యమని కూడా కేకేశాడు. గిద్యోను సరేనని చెయ్యి ఊపాడు.

ఆ తర్వాత స్టేజీ మీద జైపాల్ మైకు అందుకున్నాడు. అడ్డా డ్రైవర్లందరూ తమ పాత బండ్లను పర్యావరణం కోసం మనస్ఫూర్తిగా అప్పగించారని, తాళాలు కూడా బండ్లలోనే పెట్టి ఇచ్చారని, ఇట్లాంటి జనం దేశానికి ఆదర్శమని చెప్పాడు. పెద్ద సారు చప్పట్లు కొట్టాడు. పక్కన శాలువాతో గిద్యోను నిలబడి ఉన్నాడు. ఏం జరిగిందో అతనికి ఆ క్షణంలోనే పూర్తిగా అర్థమైంది. మైకు చేతికి అందేంత దూరంలో ఉంది.

అతను కూడా చప్పట్లు కొట్టాడు.

ఎందుకు కొట్టాడని తర్వాత చాలామంది అడిగారు. అందరూ కొడుతున్నారు, చేతులు వాటంతటవే కదిలాయి. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని అతను చాలాసార్లు అనుకున్నాడు. ఒక మనిషిని పడగొట్టడానికి పెద్ద బెదిరింపులేమీ అక్కర్లేదు, ఒక శాలువా, ఒక స్టేజీ చాలు. ఇది చదివే కార్మికులారా, విద్యార్థులారా, శాలువా కప్పేటప్పుడు కాస్త చూసుకోండి.

మర్నాడు పొద్దున అడ్డా మీద కరెంటు బండ్లు తప్ప ఏమీ లేవు. ముందు నంబర్ గిద్యోనుది. కూలికి పోయే ఆడవాళ్ళు అన్నం డబ్బాలు పట్టుకుని వచ్చారు. వాళ్ళలో ముందు నడిచేది గిద్యోను అక్క సరోజమ్మ. చిన్న మంగళారం ఫాంహౌస్‌లలో గడ్డి కోసీ, కలుపు తీసీ ఆమె చేతులు కాయలు కాశాయి. రోజూ తమ్ముడి బండిలో పక్కసీటు ఆమెదే. ఆ రోజు ఆమె బండి దగ్గరికి వచ్చింది, ఆగింది, ఖాళీ సీటు చూసింది. అతని మొహం మాత్రం చూడలేదు. పైట సరిచేసుకుని రోడ్డు పట్టుకుని నడిచింది. వెనక ఆడవాళ్ళందరూ నడిచారు.

గిద్యోను బండి వాళ్ళ పక్కన మెల్లగా పోనిచ్చాడు. ఎండకు ముందే ఎక్కమని బతిమాలాడు. సరోజమ్మ నడక ఆపకుండానే మాట్లాడింది.

"నీ బండి మా తోట దాకా రాదు. గాయన గీసిన గీతకాన్నే ఆగుతది. యాదన్న బండి బురదలకు గూడ వచ్చేది. పో తమ్మీ, మాతోని మాట్లాడకు, గీత దాటితే నీ బండి బందయితది."

అతను ఆగిపోయాడు. వాళ్ళు పోతూనే ఉన్నారు.

అడ్డాకు తిరిగివచ్చేసరికి కరెంటు బండ్లవాళ్ళు నర్సింహ దగ్గర మూగి ఉన్నారు. వీళ్ళయినా తనవాళ్ళేనని గిద్యోను దగ్గరికి నడిచాడు. అతన్ని చూసి ఒకడు తన బండిలోంచి తాళం తీసి జేబులో వేసుకున్నాడు. ఇంకొకడు తీశాడు. నర్సింహ కూడా తీశాడు. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే గిద్యోనుకు కాస్త తేలికయ్యేది. ఆ పూట అతను ఎవరి దగ్గరా కూర్చోలేక, చార్జింగ్ పెట్టే వంకతో యార్డులోకి పోయాడు. అక్కడ యాదయ్య బండి ఉంది. ఆ వెనకరేకు కనబడకుండా అటు తిరిగి నిలబడ్డాడు.

ఇంట్లో కూతురు షారోన్ ఫోను చూస్తోంది. పదో తరగతి పిల్ల. ఆ చప్పట్ల వీడియో ఊరంతా తిరుగుతోందని అతనికి తెలుసు. బిడ్డ దాకా రాలేదనుకున్నాడు.

"డాడీ, నీకు తెల్వక కొట్టినవా, తెలిసే కొట్టినవా?"

తెలియక అని చెప్పడానికి నోరు తెరిచాడు. ముందున్న కంచంలోంచి అన్నం ముద్ద తీసి ఆ నోట్లో పెట్టుకున్నాడు. షారోన్ ఇంకేమీ అడగకుండా ఫోను పక్కన పెట్టి పుస్తకం తీసుకుంది. సిగ్గంటే ఏమిటో గిద్యోనుకు అప్పటిదాకా తెలియదనే చెప్పాలి. అది మొహం మీద ఉండేదని అనుకునేవాడు. అన్నం ముద్ద మింగేచోట కూడా ఉంటుందని ఆ రోజు తెలిసింది.

ఆదివారం ప్రార్థన తర్వాత కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టారు. బండ్లు పోయిన డ్రైవర్లు, కూలి ఆడవాళ్ళు, చేవెళ్ళ డిగ్రీ కాలేజీలో చదివే యాదయ్య కూతురు సమత, ఆమె దోస్తులు కొందరు వచ్చారు. తుక్కు లారీ రేపు వస్తుందని, బండ్లను ముక్కలు చేసే చోటికి తీసుకుపోతారని వార్త వచ్చింది. ఒక్కసారి ముక్కలయ్యాయంటే ఇక అడగడానికి కూడా ఏమీ మిగలదు.

గిద్యోను లోపలికి పోలేదు. గడప బయట చెప్పుల దగ్గర నిలబడ్డాడు.

లోపల గోల గోలగా ఉంది. కరెంటు బండ్లన్నిటినీ తగలబెడదామని ఒకడు లేచాడు. తగలబెడితే మా పొట్టలు కూడా తగలబడతాయని నర్సింహ అరిచాడు. మీరు ఆశపడబట్టే మాకు ఈ గతి అని డీజిల్ డ్రైవర్లు అన్నారు. మీరు పట్టు పట్టబట్టే వాడు దొంగదారి పట్టాడని కరెంటు డ్రైవర్లు అన్నారు. కొట్టుకునేదాకా వచ్చింది. రెండు వైపులా ఉన్నవాళ్ళు ఒకే హోటల్లో చాయ్ తాగినవాళ్ళు, ఒకే వరసలో నిలబడ్డవాళ్ళు. వాళ్ళు అట్లా ఒకరి గల్లా ఒకరు పట్టుకుంటే జైపాల్‌కు ఇక చెయ్యాల్సిన పనే ఉండదు.

సరోజమ్మ లేచి నిలబడింది. మీటింగుల్లో మాట్లాడే అలవాటు లేని మనిషి. అందుకే కాబోలు, గది నెమ్మదించింది.

"పొగలేని బండి మంచిదే. నేను ఎక్కిన, నాకెరుకే. బండితోని మనకు లడాయి లేదు. దాని మీట ఎవని చేతుల ఉన్నదో గా లడాయి. యాదన్న బండి తాళం గుంజుకున్నడు, నర్సింహ బండిని ఫోనుల బంద్ పెడుతడు. ఇద్దర్ని తోలేది గాయనే. మీరిద్దరు కొట్టుకుంటే మేం నడుసుకుంట పోవాలె."

నర్సింహ తల దించుకున్నాడు. మొన్న తన బండిలో పురిటినొప్పుల మనిషిని చేవెళ్ళ దవాఖానకు తీసుకుపోతుంటే దారి మారిందని బండి ఆగిపోయిన సంగతి చెప్పాడు. ఇంకో బండి దొరికేదాకా ఆ మనిషి రోడ్డు మీదే కూర్చున్నది. అంతవరకు ఎవరికీ చెప్పలేదు, చెప్పుకోవడానికి సిగ్గేసిందన్నాడు. ఆ తర్వాత మాటలు వేరే దారిలో నడిచాయి. యార్డు అడ్డాకే ఇవ్వాలి. రాయితీ తోలేవాడి చేతికి రావాలి, బండి తోలేవాడి పేరు మీద ఉండాలి. ఇష్టం ఉన్నవాడు ఇష్టమైనప్పుడు మారతాడు. ముందు తుక్కు లారీ కదలకూడదు.

అప్పుడు సమత ఒక చిక్కు చెప్పింది. బండ్లు మనమే ఇచ్చామని వాళ్ళంటున్నారు, తాళాలు బండ్లలోనే ఉన్నాయి, వీడియోలో మన పెద్దమనిషే చప్పట్లు కొడుతున్నాడు. మనం ఇవ్వలేదంటే నమ్మేదెవరు? తోలిన మనిషి నోటితో చెబితే తప్ప కాదు. అంటూ ఆమె గడప వైపు చూసింది. అందరూ చూశారు. గిద్యోను చెప్పుల మధ్య నిలబడి ఉన్నాడు.

అతను లోపలికి వచ్చి యాదయ్య కాళ్ళ మీద పడబోయాడు. యాదయ్య కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

"నా కాళ్లు పట్టుకుంటె నా బండి వస్తదా? నువ్వు సిగ్గుపడుడు నీ సొంత ముచ్చట, దాన్ని మేమేం జేసుకోవాలె? సమత అడిగింది ఇన్నవ్ గద. ఠాణాల జెప్తవా, లేదా?"

చెబితే దొంగతనం కేసవుతుంది. జైలు. షారోన్ బడిలో, చర్చిలో, ఊళ్ళో దొంగ గిద్యోను. అతని కళ్ళ ముందు అదంతా తిరిగింది. ఎంతసేపు చూసినా అతను ఏమీ అనలేదు. యాదయ్య ఒక్క నిట్టూర్పు విడిచి, అట్లయితే పక్కకు జరుగు, మాకు పనులున్నాయని అన్నాడు. స్టేజీ మీద ఒకసారి, అక్కడ ఒకసారి, గిద్యోను రెండుసార్లు నోరు మూసుకున్నాడు. మొదటిదానికి ఏదో ఒక సాకు ఉంది. రెండోదానికి సాకు కూడా లేదు.

పొద్దున తుక్కు లారీ వచ్చింది. యార్డులోకి పోయి బండ్లు ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. యాదయ్య ఆటోను తాళ్ళతో పైకి లాగి లారీ మీద కట్టారు. బయట జనం పోగవుతున్నారు. కూలి ఆడవాళ్ళు ఆ రోజు పనికి పోలేదు. ఫాంహౌస్ మేనేజర్లు ఫోన్లు చేస్తుంటే తీయలేదు.

నర్సింహ, మిగిలిన కరెంటు డ్రైవర్లు చార్జింగుకు వచ్చినట్టు రోజులాగే లోపలికి వచ్చారు. కావలివాడు గేటు తెరిచాడు. వాళ్ళు చార్జింగ్ పాయింట్ల దగ్గరికి పోలేదు. లారీ ముందు, గేటు నడుమ, బండికి బండి ఆనించి ఆపి దిగిపోయారు. వాళ్ళ వెనక గిద్యోను బండి కూడా వచ్చింది. అతన్ని ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. సందు చూసి పెట్టుకుని దిగాడు.

జైపాల్ కారులో వచ్చాడు. బండ్లు తియ్యమని అరిచాడు. ఎవరూ కదలలేదు. కోపం పట్టలేక ఫోను తీసి మీట నొక్కాడు, ఇక మీ బతుకులు బంద్ అన్నాడు. బండ్ల లైట్లన్నీ ఆరిపోయాయి. చక్రాలు బిగుసుకుపోయాయి. అప్పుడు ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. తన లారీకి తానే గోడ కట్టుకున్నాడని జైపాల్‌కు కాస్త ఆలస్యంగా తట్టింది. మళ్ళీ మీట వేశాడు. లైట్లు వెలిగాయి గానీ సీట్లలో మనుషులు లేరు. వాళ్ళందరూ లారీ దగ్గర ఉన్నారు. డీజిల్ డ్రైవర్లూ, కరెంటు డ్రైవర్లూ కలిసి తాళ్ళు విప్పుతున్నారు. కింద ఆడవాళ్ళు చేతులు చాపి నిలబడ్డారు. యాదయ్య ఆటో మెల్లగా నేలకు దిగింది. నర్సింహ దాని వెనకరేకు పట్టుకుని, కింద ఆనకుండా భుజం పెట్టాడు.

అంతలో పోలీసు వ్యాను వచ్చింది.

ఎస్సై జైపాల్ చెప్పింది విన్నాడు. ఇష్టపూర్వకంగా అప్పగించిన బండ్లు, సర్కారు పథకం, అడ్డుకుంటే కేసు అన్నాడు. యాదయ్యను ఎక్కించారు. సరోజమ్మను, సమతను, నర్సింహను ఎక్కించారు. నినాదాల మధ్య ఒక్కొక్కరిని లాగుతున్నారు. ఒక కానిస్టేబుల్ గిద్యోను రెక్క పట్టుకున్నాడు.

జైపాల్ నవ్వుతూ అడ్డం వచ్చాడు.

"ఈయన్ని వదలండి సార్. గిద్యోను మావాడు. బండ్లన్నీ లోపల పెట్టించిందే ఈయన."

కానిస్టేబుల్ చెయ్యి వదిలేశాడు. చుట్టూ గోల ఉన్నా ఆ మాట అందరికీ వినబడింది. వ్యానులోంచి అక్క వింది. గోడ అవతల బడి పిల్లలతో నిలబడ్డ షారోన్ వింది. లాఠీ దెబ్బ తగిలి ఉంటే గిద్యోను ఓర్చుకునేవాడు. ఆ మాట ఓర్చుకోలేకపోయాడు. మావాడు. ఎవరివాడు? అతను ఆ క్షణంలో భయపడలేదని చెబితే అబద్ధమవుతుంది. అయినా ఎస్సై ముందుకు పోయి నిలబడ్డాడు. నంబర్లు పిలిచే గొంతు చాలా రోజుల తర్వాత బయటికి వచ్చింది.

"సార్, బండ్లు ఎవ్వరియ్యలే. నేను దొంగతనంగ తోలిన. వాళ్లను అడగలే, ఎందుకు తోలుతున్ననో వాళ్లకు జెప్పలే. అడ్డ మీద తాళాలు బండ్లనే ఉంటయని నాకెరుక, గా నమ్మకాన్ని పట్టుకొని తోలిన. నా మీద దొంగతనం కేసు రాయిండ్రి. తోలుమన్నందుకు జైపాల్ మీద రాయిండ్రి."

ఎస్సై అతన్ని ఎగాదిగా చూశాడు. ఆలోచించాడు. తోలినవాడు దొంగయితే, తోలించినవాడు ఎవరవుతాడో, లారీ మీదికి ఎక్కించిన సొమ్ము ఏమవుతుందో అర్థం చేసుకోవడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు.

"నీకు తల తిరుగుతున్నట్టుంది. ఇంటికి పో," అన్నాడు.

గిద్యోను వ్యాను మెట్టు ఎక్కాడు. కానిస్టేబుల్ కిందికి దించాడు. మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ దించాడు. అరెస్టు చెయ్యమని ఒకడు బతిమాలడం, పోలీసులు వద్దని తొయ్యడం ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. వ్యాను కిటికీలోంచి సరోజమ్మ మొహం బయట పెట్టింది.

"సారూ, సొమ్ము పోయినోళ్లను ఎక్కిచ్చుకొని దొంగను కింద ఇడిసిపెడుతున్నరేంది? ఆడు నా తోడబుట్టినోడు. నేను జెప్తున్న, ఆన్ని పట్టుకోండ్రి."

జనం ఒక్క క్షణం తికమకపడ్డారు. ముందు సమతకు తట్టింది. ఆమె వ్యానులోంచే నినాదం ఎత్తుకుంది.

"గిద్యోనును అరెస్టు చెయ్యాలె!"

డ్రైవర్లు అందుకున్నారు. ఆడవాళ్ళు అందుకున్నారు. తోలినోన్ని పట్టాలె, తోలిపిచ్చినోన్ని పట్టాలె అని రోడ్డు మీద ఆగిన బస్సులోంచి కూడా కేకలు వచ్చాయి. తనను దొంగగా పట్టాలని పేరు పెట్టి ఊరంతా అరుస్తుంటే గిద్యోను నిలబడి విన్నాడు. చెవుల దాకా మొహం కాలిపోతోంది. ఆ సిగ్గు పోలేదు, పోతుందని అతను అనుకోనూ లేదు. కానీ ఈసారి తల దించుకుని నిలబడాల్సిన పని లేదు. అతను పిడికిలి ఎత్తి అందరికంటే గట్టిగా తన పేరే అరిచాడు. గిద్యోనును అరెస్టు చెయ్యాలె. గోడ దగ్గర షారోన్ కూడా నోరు విప్పింది, తండ్రి పేరు పెట్టి అరిచింది.

జైపాల్ కారు వైపు అడుగులు వేశాడు. కారుకు అడ్డంగా వసంతమ్మ, హోటల్ బెంచీ తెచ్చి వేసుకుని కూర్చుంది.

ఇక దారి లేక ఎస్సై సైగ చేశాడు. గిద్యోనును ఎక్కించారు. లోపల ఎవరూ భుజం తట్టలేదు, బాగా చేశావని అనలేదు. యాదయ్య అతని మొహం కూడా చూడలేదు. దగ్గు ఆపుకుంటూ, బెంచీ మీద కొద్దిగా పక్కకు ఒరిగాడు.

"జర ఇటు జరుగు. జైపాల్‌కు గూడ జాగ ఉంచాలె."

గిద్యోను జరిగాడు. ఇద్దరి నడుమ ఒక మనిషి పట్టేంత జాగా ఖాళీగా ఉంది. వ్యాను కదలలేదు. ఆ జాగా నిండేదాకా కదలనిచ్చేది లేదని, జనం దాని చక్రాల ముందు కూర్చున్నారు.